గిన్నె మీద పేరున్నట్టే.. కేబుల్ మీదా ఉండాలి!

మనామా: శుక్రవారం రాత్రి 11 దాటింది. ఉగాది కార్యక్రమం ముగిసింది. పులిహోర గిన్నెలు ఖాళీ అయ్యాయి. పిల్లలు కుర్చీల్లోనే నిద్రపోయారు. తాళం వేయడానికి కాపలా మనిషి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వేదిక మీద మాత్రం నలుగురు కళాకారులు నల్ల కేబుళ్ల గుట్ట ముందు ఇంకా కూర్చునే ఉన్నారు. అన్నీ ఒకే రంగు, ఒకే మందం. ‘ఇది నాదే’ అంటారొకరు. ‘కాదండీ, నాది ఇక్కడ కాస్త నొక్కుకుపోయి ఉంటుంది’ అంటారు మరొకరు. బహ్రెయిన్‌లో మన పాటల కార్యక్రమాల్లో పాలుపంచుకునే వారికి ఈ దృశ్యం కొత్తది కాదు.

ఇది చిన్న విషయమే అనిపిస్తుంది. నాకు మాత్రం ఈ పాఠం ఖరీదుగానే వచ్చింది. ఒక కార్యక్రమంలో హడావిడిగా కీబోర్డుకు అడాప్టర్ తగిలించాను. పిన్ను సరిగ్గా సరిపోయింది కానీ అది నా అడాప్టర్ కాదు. లోపల ప్లస్, మైనస్ తారుమారు. కీబోర్డు మళ్లీ వెలగలేదు. రిపేరు ఖర్చు ఒక ఎత్తు. నా అడాప్టర్ తీశాడని తబలా వాయించే మిత్రుడిని ఒక మాట అనేయడం మరో ఎత్తు. రెండు నెలలు ఇద్దరం మాట్లాడుకోలేదు. చివరికి ఆ అడాప్టర్ దమ్మామ్ నుంచి వాయించడానికి వచ్చిన మరో మిత్రుడి సంచిలో దొరికింది. తనదే అనుకుని 25 కిలోమీటర్ల కాజ్‌వే దాటించి తీసుకెళ్లాడు. అందులో అతని తప్పేమీ లేదు. దాని మీద పేరు రాయని తప్పు నాదే.

ఇక్కడ ఎందుకింత గందరగోళం?

ఊళ్లో మైక్‌సెట్టు అంటే ఒకరి సొత్తు. పెట్టెల నుంచి వైర్ల దాకా అన్నీ ఆయనవే. ఇక్కడ అలా కాదు. పగలంతా కంపెనీల్లో, సైట్లలో, ఆసుపత్రుల్లో పనిచేసేవారు సాయంత్రం ఒకరి ఫ్లాట్‌లో చేరి సాధన చేస్తారు. గిటారు ఒకరిది, ప్యాడ్స్ ఇంకొకరివి, మైకులు మరొకరివి. నెల జీతంలోంచి ఇంటికి పంపగా మిగిలిన దినార్లతో ఒక్కొక్కటీ కొనుక్కున్నవే.

వేదికలూ అందరివీ. 1915 నాటి ఇండియన్ క్లబ్ కానివ్వండి, 1947లో పుట్టిన కేరళీయ సమాజం కానివ్వండి.. భారతీయ సంఘాల హాళ్లలో వారాంతాల్లో ఒక కార్యక్రమం ముగియగానే మరొకటి మొదలవుతుంది. తెలుగు కళా సమితి వేడుకల్లో పాడే గొంతు మరో వారం ఇంకో భాషవారి వేదిక మీద వినిపిస్తుంది. సౌండ్ చూసే మనిషి మలయాళీ కావచ్చు, ఫిలిప్పీన్స్ వారు కావచ్చు. ఆయనకు మీ కేబుల్ ఏదో తెలియాలంటే ఆ గుర్తు ఏ భాషవారికైనా అర్థమవ్వాలి.

అమ్మమ్మల నాటి ఉపాయం

నిజానికి మనకిది కొత్త విద్యేమీ కాదు. పెళ్లికి ఇచ్చిన స్టీలు గిన్నెల మీద పేరు చెక్కించని ఇల్లుందా? బంతి భోజనాలకు పక్కింటి గుండిగలు తెచ్చినా ఎవరివి వాళ్లకు చేరేవి. చాకలి వేసే చుక్కల గుర్తుతో ఊరందరి బట్టలూ సరైన ఇంటికి వచ్చేవి. షామియానా సప్లయర్ కుర్చీ వెనుక పేరు రాయించేది ఇందుకే. కేబుల్‌కూ ఇదే సూత్రం. పద్ధతిగా చేయాలి, అంతే.

ముందుగా రంగు. ఎలక్ట్రికల్ టేపు చుట్టకు ఒక దినారు కూడా కాదు. ఒక్కొక్కరు ఒక్కో రంగు అనుకుంటే రంగులు చాలవు. అందుకే రెండేసి పట్టీలు వేయాలి. జాక్ వైపున్నది మొదటి పట్టీ అనుకుంటే 6 రంగులతో 36 రకాల గుర్తులు వస్తాయి. ఎవరి గుర్తు ఏదో బృందం వాట్సాప్ గ్రూపులో పెట్టుకుంటే గొడవే ఉండదు.

తర్వాత పేరు. తెల్ల టేపు మీద చెరగని ఇంకుతో పేరు, ఫోన్ నంబరు చివరి 4 అంకెలు, కేబుల్ పొడవు రాయాలి. పేరు తెలుగులో రాస్తే మనవాళ్లు దూరం నుంచే గుర్తుపడతారు. మిగతావారికి రంగు, అంకెలు చాలు. పైన పారదర్శక టేపు చుట్టకపోతే చేతి చెమటకు నెల తిరక్కుండానే అక్షరాలు పోతాయి. గుర్తు తప్పనిసరిగా రెండు చివరలా ఉండాలి. ఒక కొస మిక్సర్ వెనుక ఉంటే, రెండో కొస చూసి చెప్పగలగాలి కదా!

ఇక్కడి ఎండకూ ఒక లెక్క ఉంది. వేసవిలో కారు డిక్కీలో వదిలేస్తే టేపు జిగురు కరిగి కేబుల్ అంతా అంటుకుంటుంది. దుమ్ము పట్టి పట్టీ జారిపోతుంది. ఎక్కువ కాలం నిలవాలంటే పేరు కాగితం మీద వేడికి ముడుచుకునే పారదర్శక గొట్టం తొడిగించడం మేలు. అయితే జాక్ టంకం వేయకముందే దాన్ని కేబుల్‌లోకి ఎక్కించుకోవాలి. ఇవేవీ కుదరకపోతే జాక్ లోహపు తొడుగు మీద నెయిల్ పాలిష్ చుక్క పెట్టినా సరిపోతుంది.

‘ఎవరిది’తో పాటు ‘ఏది’ కూడా

పేరొక్కటే చాలదు. గిటారు కేబుల్, స్పీకర్ కేబుల్ రెండింటికీ ఒకే రకం జాక్ ఉండొచ్చు. లోపల మాత్రం తేడా ఉంటుంది. గిటారు కేబుల్‌లో సన్నని తీగ చుట్టూ అల్లిక ఉండి బయటి రొదను ఆపుతుంది. స్పీకర్ కేబుల్‌లో ఆ అల్లిక ఉండదు, రెండు లావు తీగలుంటాయి. దాన్ని గిటారుకు పెడితే ‘గుయ్’మనే రొద వస్తుంది. గిటారు కేబుల్‌ను యాంప్లిఫయర్ నుంచి స్పీకర్‌కు పెడితే అది వేడెక్కుతుంది, యాంప్లిఫయరే పాడవ్వొచ్చు. కాబట్టి స్పీకర్ కేబుల్ మీద ఆ మాట పెద్దగా రాయాలి.

అడాప్టర్ మీద మూడు సంగతులు ఉండాలి. ఏ వాయిద్యానిది, ఎన్ని వోల్టులు, పిన్ను లోపల ప్లస్సా మైనస్సా. వాయిద్యం వెనుక ఉన్న గుర్తుతో ఇవి సరిపోవాలి. ఆంపియర్లు వాయిద్యం అడిగినంత, లేదా అంతకంటే ఎక్కువ ఉండొచ్చు, తగ్గకూడదు.

వేదిక మీద ఏ కేబుల్ ఏ చానల్‌లోకి అన్నది వేరే లెక్క. పాలిటెక్నిక్‌లో చదివిన రెసిస్టర్ రంగుల వరుస ఇక్కడ పనికొస్తుంది. 1 గోధుమ, 2 ఎరుపు, 3 నారింజ, 4 పసుపు, 5 ఆకుపచ్చ.. ఇలా. ఇది ఆ రోజుకే కాబట్టి సులువుగా ఊడే కాగితపు టేపు వాడి, కార్యక్రమం కాగానే తీసేయాలి. లేకపోతే యజమాని రంగుతో కలిసిపోయి మళ్లీ మొదటికొస్తుంది.

పది నిమిషాల పని

మా బృందంలో ఇప్పుడొక నియమం ఉంది. ఆఖరి పాట అయ్యాక ఫొటోల కంటే ముందు కేబుళ్లు. ఒకరు విప్పుతారు, ఒకరు చుడతారు, ఒకరు రంగు చూసి సంచుల్లో పెడతారు. వచ్చేటప్పుడు లెక్కపెట్టిన సంఖ్య వెళ్లేటప్పుడు సరిపోవాలి. పది నిమిషాల్లో అయిపోతుంది, కాపలా మనిషీ నవ్వుతూ తాళం వేసుకుంటున్నాడు.

పరాయి దేశంలో నలుగురం కలిసి పాడుకునేది వారానికి ఒక్క సాయంత్రం. కొన్ని దినార్ల వైరు కోసం అది చెడితే ఆ నష్టం ఏ షాపులోనూ తీరదు. నా కొత్త అడాప్టర్ మీద ‘12 వోల్టులు, లోపల ప్లస్, చూసి పెట్టు’ అని పసుపు టేపు మీద రాసి ఉంటుంది. ఆ చేతిరాత నాది కాదు, రెండు నెలలు నాతో మాట్లాడని ఆ తబలా మిత్రుడిదే.