సుంకరి చేతిలో సెల్‌ఫోను

సుంకరి వద్ద సుఖదుఃఖాలు చెప్పుకొన్నట్లని మనలో ఒక సామెత. అతనికి కావలసినది సరకు, దానిపై రావలసిన పన్ను. మన కష్టసుఖాలతో పని లేదని భావం. అమెరికా విమానాశ్రయాలలో ఈనాడు ఈ సామెత తారుమారైనది. అక్కడి సుంకాధికారి ప్రయాణికుని సెల్‌ఫోను తెరచి ఇమ్మని అడుగవచ్చును. అందులో సరకేమున్నది? ఉత్తరాలు, ఛాయాచిత్రాలు, వైద్యుని చీటీలు, ఉన్నవన్నీ సుఖదుఃఖాలే.

ఈ అధికారం క్రొత్తది కాదు. 1789లో అమెరికా ప్రథమ కాంగ్రెసు చేసిన సుంకాల చట్టమే ఓడలను సోదా చేయు హక్కును ఇచ్చినది. ఇంటిని సోదా చేయుటకు వారంటు కావలెను గాని, సరిహద్దు దాటి వచ్చు పెట్టెకు అక్కరలేదన్నది అక్కడి న్యాయసంప్రదాయం. దొంగసరకును ఆపుట ప్రతి దేశమూ చేయవలసిన పనియే గనుక దీనిలో న్యాయమున్నది. అయితే ఫోనును కూడ పెట్టె అనవచ్చునా?

పెట్టెలో పట్టునది కొన్నాళ్ళ ప్రయాణానికి కావలసినంత. ఫోనులో పదేండ్ల జీవితం పట్టును. పెట్టెలోని వస్తువును ఇంట ఉంచి రావచ్చును. ఫోనులో తుడిచివేసినదానిని సైతం ఒక్కొక్కప్పుడు యంత్రసాయంతో వెలికి తీయగలరు. పైగా అందులో మనకు వ్రాసినవారి మాటలు కూడ ఉండును. పాపం, వారు ప్రయాణమే చేయలేదు!

ఈ భేదాన్ని గుర్తించియే 2014లో రైలీ వ్యాజ్యంలో అక్కడి సుప్రీం కోర్టు, అరెస్టయినవాని ఫోనును చూచుటకు సాధారణంగా పోలీసులకు వారంటు ఉండవలెనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పినది. సరిహద్దు సంగతిని ఆ తీర్పు తేల్చలేదు. కనుక దొంగతనంపై పట్టుబడినవానికి గల రక్షణ, చదువుకై విమానం దిగిన విద్యార్థికి రూఢిగా లేదు. ఇది వింతయే గదా!

క్రింది న్యాయస్థానాలు ఒక్క మాటపై లేవు. కాలిఫోర్నియాపై అధికారం గల తొమ్మిదవ సర్క్యూటు కోర్టు 2013లో, యంత్రాలతో లోతుగా శోధించుటకు సహేతుకమైన అనుమానం ఉండవలెనన్నది. ఫ్లోరిడా, జార్జియాలకు చెందిన పదునొకండవ సర్క్యూటు 2018లో అనుమానమే అక్కరలేదన్నది. 2024లో న్యూయార్కులోని ఒక జిల్లా న్యాయస్థానం వారంటే కావలెనన్నది. దిగిన ఊరును బట్టి హక్కు మారుచున్నదన్నమాట.

సుంకశాఖయు 2018 జనవరిలో కొన్ని హద్దులు గీచుకొన్నది. చేతితో తిప్పి చూచుటకు కారణం చూపనక్కరలేదు. పరికరం తగిల్చి నకలు తీయుటకు మాత్రం తగిన అనుమానమో, దేశభద్రతా ప్రశ్నయో ఉండి, పై అధికారి అనుమతి పొందవలెను. ఫోనులో నిలువయున్నదానినే చూడవలెను. అందుకై ముందుగా ఇంటర్నెట్టు సంబంధం తెంపవలెను.

2024 ఆర్థిక సంవత్సరంలో ఇట్టి సోదాలు దాదాపు 47 వేలు. వచ్చిన ప్రయాణికులు 42 కోట్లు గనుక ఇది సుమారు పదివేలమందికి ఒకటి. భయపడవలసినంత సంఖ్య కాదు. అయినను పిల్లలను అమెరికా పంపుచున్న మన కుటుంబాలు ఒక భేదం ఎరిగి ఉండవలెను. సంకేతపదం చెప్పనన్న అమెరికా పౌరుని ఫోనును పట్టి ఉంచగలరు గాని, అతనికి దేశప్రవేశం నిరాకరింపరాదు. వీసాపై వెళ్ళినవాడు నిరాకరించినచో వెనుకకే పంపవచ్చును. ఫోనును అధికారి తనవద్ద ఉంచుకొన్నచో రసీదు అడిగి పుచ్చుకొనవలెను.