నలభై అయిదు దాటిన టీచరు గొంతు

తమిళనాడులోని తెలుగు బడుల్లో పిల్లలకు వీధిలో వినిపించేది తమిళం. అందులో క, ఖ, గ, ఘ నాలుగింటికీ అక్షరం ఒక్కటే. ఇంట్లో తెలుగే మాట్లాడినా ఒత్తులు పలికేవారు తక్కువ. ఆ తేడా పిల్లల చెవిన పడేది తెలుగు టీచరు గొంతులోనే. పద్యం రాగంతో వినిపించాల్సిందీ ఆమే.

ఆ గొంతు నెలసరి ఆగే వయసులో మారవచ్చు. మెనోపాజ్ అనగానే ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, చిరాకు గురించి చెప్పుకుంటాం. గొంతు ఊసు ఎవరూ ఎత్తరు.

ఆడవాళ్లు మాట్లాడేటప్పుడు స్వరతంతువులు సెకనుకు సుమారు 200 సార్లు అదురుతాయి. అంత వేగంగా ఒకదానికొకటి తగలాలంటే వాటి పైపొర తడిగా, మెత్తగా ఉండాలి. ఈస్ట్రోజన్ తగ్గేసరికి ఆ తడి తగ్గుతుంది, తంతువులు కొంత మందమవుతాయి. లావు తీగ నెమ్మదిగా అదురుతుందని తంబురా మీటినవారికి తెలుసు. గొంతూ అలాగే కిందికి దిగుతుంది. పొద్దున బాగానే ఉన్న మాట మధ్యాహ్నానికి బొంగురుపోతుంది. పద్యంలో పైస్థాయి అందదు. ఫోనెత్తితే అవతలివాళ్లు ‘సార్’ అంటారు! అందరికీ ఇలా కాదు. కొందరికి తేడాయే తెలియదు. రోజంతా మాట్లాడే మాలాంటివాళ్లకు ముందు తెలుస్తుంది.

అందని గొంతును అరిచి అందుకోబోతే ఇంకా దెబ్బతింటుంది. మాటిమాటికీ గొంతు సవరించుకోవడమూ మంచిది కాదు. గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటాం గానీ దానివల్లా శ్రమే. పద్యాన్ని శ్రుతి దించి అందుకోవచ్చు, పిల్లలు తమ శ్రుతిలో పాడుకుంటారు. నీళ్లు తరచూ తాగాలి. ఇది చెప్పినంత సులువు కాదు. మరుగుదొడ్డి సరిగా లేక సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు ముట్టని టీచర్లను మేమెరుగుదుం.

బొంగురు మూడు వారాలు దాటితే మాత్రం వయసు మీదికి నెట్టేయకుండా చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ మందగించినా, కడుపులో ఆమ్లం పైకి ఎగదన్నినా, తంతువుల మీద బొడిపెలు లేచినా గొంతు ఇలాగే బొంగురుపోతుంది. అరుదుగా క్యాన్సరూ కావచ్చు. హార్మోన్ మాత్రలు గొంతు కోసమని సొంతంగా కొని వేసుకోకూడదు.

‘మా టీచరు గొంతు రావడం లేదు’ అని పిల్లలు ఇంట్లో చెబితే అమ్మానాన్నలు నవ్వి ఊరుకోవద్దు. నడుముకు కట్టుకునే చిన్న మైకులు బజారులో దొరుకుతున్నాయి. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ఆ సంగతి ఎత్తండి. మరుగుదొడ్డి సంగతీ ఎత్తండి. అన్ని తరగతులకూ తెలుగు టీచరు ఒక్కరే ఉన్న బడిలో ఇది మరీ అవసరం.