కుక్కలున్న యింట ఆర్కిడు మొక్కలు

వరండాలో ఆర్కిడు కుండీ పెట్టగోరు సభ్యులు కొందఱు సందేహించుచుందురు: ఇంటి కుక్క దానిని కొఱికినచో బ్రదుకునా? బ్రదుకును. అంగళ్లలో సాధారణముగా నమ్ముడగు ఫలెనాప్సిస్ జాతి ఆర్కిడును అమెరికాలోని జంతుహింసా నివారణ సంఘమువారు కుక్కలకు విషము కాని మొక్కల పట్టికలో చేర్చియున్నారు. ఆకులు మిక్కుటముగా నమిలినచో ఒకసారి వాంతి కావచ్చును. అంతకు మించిన భయము లేదు.

ఆర్కిడు మనకు కొత్తదియు కాదు. మన మామిడికొమ్మలను పట్టుకొని పెరుగు వాండా ఆ కుటుంబపుదే. దానిని బదనికయని పొరబడి కొట్టివేయుట కలదు. బదనిక చెట్టు రసమును పీల్చును. వాండాకు కొమ్మ నిలుచుటకు తావు మాత్రమే.

అయితే మొక్క మంచిదైనను కుండీ మంచిదని చెప్పలేము. దానిలో చల్లిన రసాయనిక ఎరువు, పురుగుమందు, వాసనకు కుక్కను పిలుచు ఎముకలపొడి, ఇవి కడుపులో చేరినచో కీడు చేయును. ఆర్కిడు ప్రక్కనే యుంచు మనీప్లాంటు, డీఫెన్‌బాకియాలను కొఱికిన కుక్కకు నోరు మండి, వాచి, చొంగ కారును. సైకసు గింజలు కాలేయమును చెఱచి ప్రాణము తీయగలవు. వాకిట గన్నేరు, పచ్చగన్నేరులు గుండెను దెబ్బతీయును. గన్నేరుకొమ్మ నుంచిన నీరును విషమే. ఆర్కిడును శంకించి గన్నేరును గడపకడ నాటుట వింత!

మా యభిప్రాయమున రైతుయింటి కుక్కకు మొక్కలకంటె ఆముదపు పిండి బస్తా పెద్ద యపాయము. 1931లో నిజాంసాగరు పూర్తియై, 1937లో బోధను చక్కెర కర్మాగారము స్థాపితమైన పిమ్మట ఈ సీమ చెఱకుసీమ యయ్యెను. ఆ కర్మాగారము 2015లో మూతపడినను చెఱకు నాటువారు ఇంకను కలరు. చెఱకునకు ఆముదపు పిండి పాతకాలపు ఎరువు. గింజలోని రైసిన్ అను విషము నూనెతో పోక పిండిలోనే నిలుచును. అధికమైన వేడి తగిలిన అది నశించును గాని, గానుగపిండికి అట్టి వేడి తగిలినదో లేదో కొనువానికి తెలియదు. పిండి వాసన కుక్కకు ప్రియము. ఎముకలపొడి కలిపినచో చెప్పనే యక్కఱలేదు.

ఈ విషము వెంటనే బయటపడదు. తినిన కొన్ని గంటలకు, ఒక్కొక్కప్పుడు మఱునాటికి గాని వాంతులు, నెత్తురు విరేచనములు, నీరసము కనబడవు. దీనికి విరుగుడు మందు లేదు. కావున పిండి తినుట చూచిన తోడనే, కుక్క హుషారుగా నున్నను, పశువైద్యశాలకు గొనిపోవలెను. ఉప్పునీరు పోసి కక్కించుట వలదు. అది వేఱొక కీడు తెచ్చును. తినిన పిండియో ఆకో కొంచెము గుడ్డలో కట్టి వైద్యునికి చూపుట మేలు.

బస్తాను కొట్టులో ఎత్తుగా పెట్టి తలుపు వేయుడు. సాలులో వేసిన పిండిని ఆనాడే మన్నుతో కప్పుడు. పారబోసిన పిండిని, ఖాళీ గోనెసంచిని పెరటిలో వదలకుడు. కుక్క పడుకొనుటకు గోనెసంచి వేయు అలవాటు మనలో కలదు. అది పిండిసంచి కాకుండ చూచుకొనుడు.