కరెంటు వచ్చింది, కంప్యూటరు మాత్రం పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంది

పోయిన చలికాలం పంటలో మాకు జరిగిన నష్టం గురించి చాలామంది అడిగినారు. గుడ్లు బాగలేవా, పాలరోగం తగిలిందా, ఆకు మీద పక్క చేనివాళ్ళ మందు పడిందా అని. అవేవీ కావు. ఇంట్లో ఉండే కంప్యూటరు తనంతట తాను లాగిన్ కాలేదు, అంతే. వినేదానికి నవ్వొస్తుంది. ఇప్పుడు చాలా షెడ్లలో సెన్సార్లు, కెమెరాలు పెడుతున్నారు కాబట్టి మాకు జరిగింది, తర్వాత మేము సరిచేసుకున్నది పూర్తిగా రాస్తున్నాము.

మా షెడ్డులో మూడు చోట్ల వేడి, తేమ చూసే సెన్సార్లు ఉన్నాయి. అవి వైఫై మీద ఇంటి హాల్లో ఉండే పాత డెస్క్‌టాప్‌కు లెక్క పంపుతాయి. అందులో ఒక చిన్న ప్రోగ్రాం పది నిమిషాలకొకసారి రాసుకుంటుంది, మేము పెట్టిన గీతకంటే వేడి తగ్గినా పెరిగినా ఫోనుకు మెసేజ్ పంపుతుంది. మా తమ్ముని కొడుకు డిప్లొమా చదువుతూ ఉన్నాడు, వాడే అన్నీ పెట్టినాడు. కరెంటు పోయి వస్తే కంప్యూటరు దానంతట అదే ఆన్ అయ్యి, పాస్‌వర్డ్ అడక్కుండా లోపలికి పోయి, ప్రోగ్రాం మొదలుపెట్టేలా చేసినాడు. ఏడాది పాటు బాగా నడిచింది. రాత్రి రెండుసార్లు లేచి షెడ్డుకు పోయే అలవాటు మేము మానేసినాము. అదే మా తప్పు, కానీ ఆ సంగతి తర్వాత.

ఆ రాత్రి పురుగులు రెండో జ్వరం లేచి మూడో దశలో ఉన్నాయి. మూడో దశకు 26 డిగ్రీలు, 80 శాతం తేమ ఉండాలని మనందరికీ తెలిసిందే. మా కోలారు వైపు చలికాలం రాత్రి బయట ఎట్లుంటుందో చెప్పే పనిలేదు. పదకొండున్నరకు కరెంటు పోయింది. యూపీఎస్ ఇరవై నిమిషాలు మోసి ఆగిపోయింది. ఒంటిగంటకు కరెంటు వచ్చింది. కానీ హీటరు లైనులో ఉండే స్టార్టరు, మన బోరు మోటారు స్టార్టరు మాదిరిదే, ఒకసారి పడిపోతే మళ్ళీ చేత్తో ఒత్తాల. కంప్యూటరు ఆన్ అయ్యింది గానీ పాస్‌వర్డ్ అడిగే తెర దగ్గరే నిలిచిపోయింది. లాగిన్ అయితేనే ప్రోగ్రాం లేస్తుంది. ప్రోగ్రాం లేవలేదు, మెసేజ్ రాలేదు. మెసేజ్ రాలేదంటే అంతా బాగుందని మేము నిద్రపోయినాము.

తెల్లారి ఐదుకు ఆకు తీసుకుని పోతే షెడ్డులో 17 డిగ్రీలు. పురుగు చావలేదు. చచ్చి ఉంటే లెక్క ఒక్కసారికి తెగిపోయేది. ఆకు మీదికి ఎక్కకుండా ముడుచుకుని పడుంది. హీటరు దగ్గర ఉన్న తట్టలు ఒక తీరుగా, తలుపు దగ్గర ఉన్నవి ఇంకో తీరుగా తయారైనాయి. మూడో జ్వరానికి సగం పురుగు పడుకుంటే సగం ఇంకా మేస్తా ఉంది. సున్నం చల్లాలంటే మేసేవాటికి ఇబ్బంది, ఆకు వేస్తే పడుకున్నవాటి మీద తడి. అక్కడినుంచి చివరిదాకా అదే గొడవ. పండిన పురుగును ఏరి చంద్రికలకు ఎక్కించేదానికి మూడు రోజులు పట్టింది. గూళ్ళు చిన్నా పెద్దా కలిసిపోయి శిడ్లఘట్ట మార్కెట్టులో వేలం పాట చానా కిందనే ఆగిపోయింది.

కంప్యూటరు ఎందుకు ఆగిందో మా పిల్లవాడు ఒక్క మాటతో పట్టేసినాడు. "పెదనాయనా, ఈ మధ్య పాస్‌వర్డ్ ఏమన్నా మారిస్తివా?" అన్నాడు. మార్చినాము. తొమ్మిది రోజుల ముందు ఎవరో బ్యాంకు నుంచని ఫోను చేసి ఓటీపీ అడిగితే భయమేసి, ఆ సాయంత్రమే ఫోను, మెయిల్, కంప్యూటరు అన్నిటికీ పాస్‌వర్డులు మార్చేసినాము. మార్చడం మంచిదే. కానీ ఆటోమేటిక్ లాగిన్ అంటే కంప్యూటరు పాస్‌వర్డ్ లేకుండా పోవడం కాదు, మన పాస్‌వర్డును దాచిపెట్టుకుని మన బదులు అదే కొట్టడం. మనం మార్చినామని దానికి తెలియదు. పాతదే కొట్టింది, "ద యూజర్ నేమ్ ఆర్ పాస్‌వర్డ్ ఈజ్ ఇన్‌కరెక్ట్" అని తెర మీద పెట్టి ఓకే నొక్కేవాళ్ళ కోసం తెల్లారేదాకా కాచుకుంది. ఆ తొమ్మిది రోజులూ కంప్యూటరు ఒక్కసారి కూడా ఆపలేదు కాబట్టి తేడా బయటపడలేదు. చెదలు పట్టిన దూలం మాదిరి, బరువు పడేదాకా బాగానే కనిపించింది.

సరిచేసేది ఎట్లంటే, ఇది విండోస్ 10, 11 రెండింటికీ వర్తిస్తుంది. అడ్మిన్ ఖాతాలో ఉండి, కీబోర్డు మీద విండోస్ గుర్తు ఉండే మీట, ఆర్ అక్షరం కలిపి నొక్కాల. వచ్చిన చిన్న పెట్టెలో ఎన్, ఇ, టి, పి, ఎల్, డబ్ల్యూ, ఐ, జెడ్ అని విడవకుండా కొట్టి ఎంటర్ వేయాల. యూజర్ల పేర్లు వస్తాయి. పైన "యూజర్స్ మస్ట్ ఎంటర్ ఎ యూజర్ నేమ్ అండ్ పాస్‌వర్డ్" అనే వాక్యం పక్కన టిక్కు ఉంటుంది. కావలసిన పేరు ఎంచుకుని ఆ టిక్కు తీసి అప్లై నొక్కితే పాస్‌వర్డు రెండుసార్లు అడుగుతుంది. ఇక్కడ జాగ్రత్త. మీరు కొట్టిన రెండూ ఒకటేనా అని మాత్రమే అది చూస్తుంది, అది నిజమైన పాస్‌వర్డేనా అని చూడదు. తప్పు కొట్టినా సరే అన్నట్టే మూసుకుంటుంది. మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడే తెలిసేది.

మేము మొదటిసారి ఇక్కడే తప్పు చేసినాము. రోజూ కొట్టేది నాలుగంకెల పిన్ కాబట్టి అదే కొట్టినాము. పిన్ వేరు, పాస్‌వర్డ్ వేరు. అక్కడ పడేది పాస్‌వర్డ్ ఒక్కటే. మైక్రోసాఫ్ట్ మెయిల్‌తో పెట్టుకున్న ఖాతా అయితే ఆ మెయిల్ పాస్‌వర్డ్ కొట్టాల.

కొన్ని కంప్యూటర్లలో ఆ టిక్కు గడే కనిపించదు. మా బావమరిది ఇంట్లో అట్లే ఉండింది, కంప్యూటరు చెడిపోయిందనుకున్నాడు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో సైన్ ఇన్ ఆప్షన్స్ తెరిస్తే, మైక్రోసాఫ్ట్ ఖాతాలకు విండోస్ హలో మాత్రమే అనుమతించమనే ఒక స్విచ్చి ఉంటుంది. దాన్ని ఆఫ్ చేసి, ముందు తెరిచిన పెట్టె మూసి మళ్ళీ తెరిస్తే గడి వస్తుంది.

యూట్యూబులో కొందరు రిజిస్ట్రీలోకి పోయి డీఫాల్ట్ పాస్‌వర్డ్ అని రాసిపెట్టమంటారు. పని చేస్తుంది గానీ, అట్లా రాస్తే మీ పాస్‌వర్డ్ దాపరికం లేకుండా అక్షరాలుగా అక్కడ పడి ఉంటుంది. పైన చెప్పిన దారి ఉండగా అది మనకెందుకు?

"ఇంత తంటా ఎందుకు, పాస్‌వర్డే తీసేస్తే పోలా" అని మా ఇంట్లోవాళ్ళు అన్నారు. ఆ కంప్యూటర్లోనే బ్యాంకు చూస్తాము, ఆధార్, పాసుపుస్తకం కాపీలు అందులోనే ఉన్నాయి. గూళ్ళ డబ్బు పడేది ఆ ఖాతాలోనే. హాల్లో కూర్చునే ప్రతివాళ్ళకూ అది తెరిచి పెట్టినట్టవుతుంది. అందుకని రెండు ఖాతాలు చేసినాము. "షెడ్" అనే పేరుతో ఒక స్టాండర్డ్ ఖాతా, మెయిల్ లేకుండా. సెట్టింగ్స్ అకౌంట్స్‌లో అదర్ యూజర్స్ దగ్గర, ఈ మనిషి వివరాలు నా దగ్గర లేవు అని నొక్కుతూ పోతే మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా చేసుకునే దారి వస్తుంది. ఆటోమేటిక్ లాగిన్ దానికి మాత్రమే. బ్యాంకు పనులు, కాగితాలు మా ఖాతాలో, దానికి పాస్‌వర్డ్ ఉంది. మా ఖాతాలోకి పోవాలంటే షెడ్ ఖాతాను సైన్ అవుట్ చేయము, చేస్తే ప్రోగ్రాం ఆగిపోతుంది. స్టార్ట్ మెనూలో బొమ్మ మీద నొక్కి మా పేరు ఎంచుకుంటాము. అట్లయితే షెడ్ ఖాతా వెనకాల నడుస్తూనే ఉంటుంది.

కొత్త ఖాతా చేసినాక మాకు ఇంకో దెబ్బ తగిలింది. లాగిన్ అయ్యింది గానీ ప్రోగ్రాం లేవలేదు. దాని షార్ట్‌కట్ పాత ఖాతా స్టార్టప్‌లో ఉండింది. షెడ్ ఖాతాలో ఉండగా విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, ఎస్ హెచ్ ఇ ఎల్ ఎల్, తర్వాత నిలువుగా రెండు చుక్కలు, తర్వాత ఎస్ టి ఎ ఆర్ టి యు పి అని కొడితే ఒక ఫోల్డరు తెరుచుకుంటుంది. అందులో షార్ట్‌కట్ వేస్తే సరిపోయింది. స్లీప్ కూడా నెవర్‌కు పెట్టండి, నిద్రపోయే కంప్యూటరు లెక్క రాయదు.

కరెంటు వచ్చినా కంప్యూటరు అసలు ఆన్ కాకపోతే అది లాగిన్ తంటా కాదు. స్టార్ట్ అయ్యేటప్పుడు ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కి బయాస్‌లోకి పోతే ఏసీ పవర్ లాస్ అనే మాటలతో ఒక సెట్టింగు ఉంటుంది, దాన్ని పవర్ ఆన్ చేయాల. మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్ళంత సీఆర్ 2032 బ్యాటరీ అయిపోతే ఈ సెట్టింగు చెరిగిపోవచ్చు. తేదీ వెనక్కి పోతుంటే ఆ బ్యాటరీ మార్చండి.

ఇంకొకటి, ఇది ఎవరూ నమ్మరు. పక్క ఊళ్ళో మాకు తెలిసిన రైతు ఇంట్లో పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా లాగిన్ తెర దగ్గరే ఆగుతా ఉండింది. స్టార్ట్ అయ్యేటప్పుడు షిఫ్ట్ మీట నొక్కి ఉంటే విండోస్ ఆటోమేటిక్ లాగిన్‌ను పక్కన పెడుతుంది, అది దాని పద్ధతి. ఆయన కీబోర్డు షెడ్డు తలుపు పక్కన బల్ల మీద ఉంటుంది. జ్వరానికి చల్లే సున్నం పొడి దిగి షిఫ్ట్ మీట కిందికి అతుక్కుపోయి ఉండింది. కీబోర్డు మార్చినాక మళ్ళీ ఆ తంటా రాలేదు.

ఇవన్నీ అయినాక మేము మార్చుకున్న పెద్ద సంగతి ఒకటుంది. ఇంతకుముందు ప్రమాదం ఉంటేనే మెసేజ్ వచ్చేది. ఇప్పుడు రాత్రి 9కి, 1కి, తెల్లారి 4కి "షెడ్డు బాగుంది" అని వేడి, తేమ అంకెలతో మెసేజ్ వచ్చేలా పిల్లవాడు మార్చినాడు. ఒంటిగంట మెసేజ్ కోసం అలారం పెట్టుకుంటాము. ఫోను చూస్తే మెసేజ్ ఉండాల, లేకపోతే టార్చి తీసుకుని షెడ్డుకు పోవాల. హీటరు స్టార్టరుకు కూడా కరెంటు వస్తే తనంతట ఎత్తుకునేలా ఎలక్ట్రీషియన్ చేత పెట్టించినాము.

ఈ పంటకు చాకీ పురుగులు వచ్చే ముందురోజు మధ్యాహ్నం ఇంటి మెయిన్ ఆపినాము. యూపీఎస్ పూర్తిగా దిగిపోయేదాకా కాచుకుని మళ్ళీ వేసినాము. ఎవరూ కీబోర్డు ముట్టకూడదని పిల్లలకు చెప్పి బయట అరుగు మీద కూర్చున్నాము. ఆరు నిమిషాలకు ఫోను మోగింది. పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా ఇట్లా చేస్తున్నాము, మార్చకపోయినా ప్రతి పంటకు ముందు ఒకసారి చేస్తున్నాము. ల్యాప్‌టాప్‌తో నడిపేవాళ్ళు ఎవరన్నా ఉంటే, బ్యాటరీ పూర్తిగా అయిపోయినాక కరెంటు వస్తే మీది దానంతట అదే ఆన్ అవుతోందా లేదా చూసి గ్రూపులో రాయండి. మా చెల్లెలి ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఆ సెట్టింగు దొరకలేదు.