పెరటి అజొల్లా గుంత పెంచే ముందు వేసుకోవలసిన లెక్క

గత సంవత్సరం వర్షాలు వెనుకబట్టిన తరువాత ఎల్.బి.నగర్ అవతల ఒక పాల సంఘం లెక్కల తనిఖీకి వెళ్ళినపుడు, అప్పుల దరఖాస్తుల కట్టలో ఒక కాగితం నా కంటబడింది. ఇద్దరు పిల్లలు, రెండు గేదెలు వున్న ఒక సభ్యురాలు పెరట్లోని అజొల్లా గుంతను 2 చదరపు మీటర్ల నుండి 8 చదరపు మీటర్లకు పెంచుకొనుటకు 15,000 రూపాయలు కోరింది. యిటుక కట్టుబడి, షీటు, పైన నీడవల, బోరు నుండి గొట్టం - అన్నీ వరుసగా వ్రాసివున్నాయి. అడిగిన సొమ్ము పెద్దది కాదు, ఆమె వాయిదాలు తప్పే మనిషీ కాదు. కార్యవర్గం వారు మంజూరుకు సిద్ధంగానే వున్నారు. అయితే ఆ కాగితంలో ఖర్చు అంతా వుంది గాని, రాబడి ఒక్క పంక్తి కూడ లేదు.

పిలిచి అడిగితే ఆమె అన్నది: "సార్, గుంత నాలుగింతలు చేస్తే దాణ ఖర్చు సగమన్న తగ్గదా?"

ఈ నమ్మకం ఆమె ఒక్కదానిదే కాదు. రెండు కిలోల అజొల్లా వేస్తే కిలో దాణా మానుకోవచ్చునని చాలా సంఘాల్లో చెప్పుకుంటారు. పదిహేనేళ్ళ క్రిందట నేను కూడ తనిఖీ పుస్తకంలో "గుంతలు పెద్దవి చేసుకోవలసినదిగా సభ్యులకు సలహా యివ్వడమైనది" అని వ్రాసి సంతకం చేసిన వాణ్ణే. మరుసటి వేసవిలో అదే ఊరికి వెళ్తే పెద్ద గుంతల్లో మూడు వంతులు ఎండిపోయి, షీట్లు గడ్డివాముల మీద కప్పబడి వున్నాయి. ఆ సలహా యిచ్చేటపుడు నేను లెక్క వేయలేదు. కాబట్టి ఈసారి ఆమెతో కూర్చొని వేశాను. దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, నాగోలు వైపు యింకా పశువులు కట్టుకొనివున్న సభ్యులకు కూడ అదే లెక్క పనికివస్తుందని యిక్కడ వ్రాస్తున్నాను.

అజొల్లా నీటిపై తేలే చిన్న మొక్క. దాని ఆకుల్లో నివసించే నాచు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. అందుచేత యూరియా వేయనవసరం లేదు. మంచి యాజమాన్యంలో చదరపు మీటరుకు రోజుకు 250 నుండి 300 గ్రాముల వరకు తీసుకోవచ్చు. ఎండబెట్టిన అజొల్లాలో మాంసకృత్తులు నూటికి 20 నుండి 25 పాళ్ళు వుంటాయన్నది నిజమే. చిక్కంతా ఆ "ఎండబెట్టిన" అన్న మాటలో వుంది.

మనం పాలకు ధర కట్టేటపుడు లీటర్లు మాత్రమే చూడము గదా. వెన్న ఎంత, ఎస్.ఎన్.ఎఫ్. ఎంత అని చూస్తాము. నీటికి ఎవరూ డబ్బు యివ్వరు. ఆవు పాలల్లో సుమారు 87 పాళ్ళు నీరు. అజొల్లాలో నీరు 93, 94 పాళ్ళు. అంటే పాలకన్న పలుచన. నమ్మకం లేనివారు గుంతలోంచి కిలో అజొల్లా తీసి, నీరు వార్చి, సంఘం తూకం మీద తూచి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టి మళ్ళీ తూచండి. ఆ సభ్యురాలు తెచ్చినది 65 గ్రాములు తూగింది. ఆమె ఆ పళ్ళెం వంక చాలాసేపు చూసింది.

ఇక లెక్క. గుంత 6 చదరపు మీటర్లు పెరిగితే, చదరపు మీటరుకు 250 గ్రాముల చొప్పున రోజుకు అదనంగా వచ్చేది ఒకటిన్నర కిలో. నూటికి ఆరు పాళ్ళ చొప్పున అందులో ఎండు పదార్థం 90 గ్రాములు, అందులో మాంసకృత్తులు సుమారు 20 గ్రాములు. నూటికి 20 పాళ్ళు మాంసకృత్తులున్న దాణాలో అంత మాంసకృత్తు 100 గ్రాముల్లోనే దొరుకుతుంది. దాణా కిలో 30 రూపాయలనుకుంటే అది మూడు రూపాయలు. మండువేసవి, తెగుళ్ళు, గుంత కడిగే రోజులు పోను ఏడాదికి 270 రోజులు దిగుబడి వచ్చిందనుకుందాము. మొత్తం 810 రూపాయలు. 15,000 రూపాయలకు నూటికి 12 చొప్పున వడ్డీయే సంవత్సరానికి 1,800. అసలు సంగతి తరువాత.

దాణా ధర మీ ఊళ్ళో వేరుగా వుండవచ్చు, వడ్డీ రేటూ అంతే. మీ అంకెలు వేసుకోండి. 40 రూపాయల దాణా వేసుకున్నా 1,080 దాటదు.

అజొల్లా పనికిమాలినదని నా అభిప్రాయం కాదు. పచ్చిమేత దొరక్క ఎండు గడ్డి, తవుడు మీదనే నడిచే పశువుకు అందులోని కెరొటిన్, ఖనిజ లవణాలు మేలు చేస్తాయి. మన ప్రాంతంలో అటువంటి పశువులే ఎక్కువ. 2007లో ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘాలు మహానగరపాలక సంస్థలో కలిసేనాటికే బీళ్ళు చాలావరకు ప్లాట్లయ్యాయి. మూసీ వెంబడి నాగోలు, ఉప్పల్ వైపు మురుగునీటితో పండించే పారాగడ్డిని కొని మేపే వారు వున్నారు. ఇంటి వెనుక పచ్చిమేత వుంటే ఆ కొనుగోలు తప్పుతుందన్న ఆశ సహజమే. అయితే ఆ మేలు పశువుకు రోజుకు అరకిలో, కిలో అజొల్లాతో కూడ కొంత అందుతుంది. దానికి అప్పు చేసి నాలుగింతలు పెంచనవసరం లేదు.

ఖర్చు కాగితంలో ఎవరూ వ్రాయనిది నీరు. అజొల్లాకు పది సెంటీమీటర్ల నీరు చాలు. గుంత లోతు చేస్తే దిగుబడి పెరగదు, పంట పైన మాత్రమే పండుతుంది. 8 చదరపు మీటర్లకు 800 లీటర్లు పడుతుంది. పదిరోజులకొకసారి నాల్గవ వంతు నీరు మార్చాలి గనుక నెలకు 600 లీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు తెరచివున్న నీరు రోజుకు సుమారు ఒక సెంటీమీటరు ఆవిరై పోతుంది. 8 చదరపు మీటర్లకు అది 80 లీటర్లు, నెలకు 2,400. నీడవల కడితే కొంత తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. మొత్తం మీద నెలకు 3,000 లీటర్లు, అనగా 5,000 లీటర్ల ట్యాంకరులో సగానికి పైగా. వేసవిలో బోరు ఎండి ట్యాంకరు తెప్పించుకునే బస్తీలో మూడు రూపాయల మేత కోసం రోజుకు వంద లీటర్లు పోయడం ఏమి వ్యవసాయమో సభ్యులే ఆలోచించాలి. పైగా ఆ ఎండకు మొక్క ఎర్రబారి ఎదుగుదల మందగిస్తుంది.

నీళ్ళు తక్కువని చెరువు నీరో, నాలా నీరో తెచ్చి పోసే ఆలోచన మాత్రం చేయవద్దు. నీటిలో వున్న సీసం, కాడ్మియం వంటి లోహాలను అజొల్లా తనలోకి పీల్చుకుంటుంది. మురుగు శుద్ధికి దాన్ని వాడవచ్చునని పరిశోధకులు చెప్పేది అందుకే. గుంతకు మంచిదైన గుణం పశువుకు చెడు.

షీటు సంగతి. 2 మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతు గుంతకు, గట్టు మీద రెండు వైపులా 30 సెంటీమీటర్ల చొప్పున మడిచేందుకు కలిపి 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు షీటు కావాలి. 4 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గుంతకు 5 మీటర్లు, 3 మీటర్లు. పాత షీటుకు కొత్త ముక్క అతికితే ఆ అతుకు దగ్గరే కారుతుంది. అందుచేత గుంతను "పెంచడం" అంటే పాతది పారవేసి కొత్తది కొనడమే. పెద్ద గుంతకు నేల సమంగా వుండటం కూడ కష్టం. నాలుగు మీటర్ల పొడవులో ఎనిమిది సెంటీమీటర్ల వాలు వుంటే ఒక కొసన నీరు 14 సెంటీమీటర్లు, మరో కొసన ఆరే వుంటుంది. రెండు మీటర్ల వెడల్పు గుంతలో నడుమ పెరిగినది తీయాలంటే ఆడమనిషి చేయి అందదు, లోపలికి దిగితే షీటు చిరుగుతుంది.

కాబట్టి నా సలహా, పెంచదలచినవారు పాత గుంతను ముట్టుకోకుండా ప్రక్కన అదే కొలతకు మరొకటి వేసుకోవాలి. ఒకదానిలో పురుగు పట్టినా, పాచి కమ్మినా, దాన్ని కడిగి ఆరబెట్టి రెండవదాని నుండి విత్తనం వేసుకోవచ్చు. ఒకే పెద్ద గుంత చెడితే విత్తనం కోసం మళ్ళీ ఊరిమీద పడాలి. రెండవ గుంతకు కొనవలసినది షీటు ఒక్కటే. అటూ ఇటూ పడివున్న యిటుకలను సున్నం, సిమెంటు లేకుండా నిలువుగా పేర్చితే సరిపోతుంది. అడుగున గోనెసంచులు పరచి, షీటు వేసి, 10 నుండి 15 కిలోల జల్లించిన మట్టి, రెండు కిలోల పేడ పది లీటర్ల నీటిలో కలిపినది, 30 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు వేసి, నీరు నింపి, పాత గుంత నుండి కిలో విత్తనం చల్లాలి. పది, పదిహేను రోజుల్లో కమ్ముకుంటుంది. ఆపైన ఐదు రోజులకొకసారి కిలో పేడ, 20 గ్రాముల సూపర్ ఫాస్ఫేటు, నెలకొకసారి ఐదు కిలోల పాత మట్టి తీసి కొత్తది. తీసిన అజొల్లాను పేడ వాసన పోయేదాకా కడిగి దాణాలో కలిపి అలవాటు చేయాలి. కడిగిన నీరు పారబోయక వంగ, టమాట పాదులకు పోసుకోండి.

గట్టు నేల మీద 15 సెంటీమీటర్ల ఎత్తున వుండాలి, వాన నీరు పారే దారిలో గుంత వుండరాదు. 2020 అక్టోబరు 13న నగరంలో ఒక్క రోజులో సుమారు 19 సెంటీమీటర్ల వాన కురిసినపుడు సరూర్‌నగర్ చెరువు క్రింది కాలనీలు ఎట్లా మునిగాయో సభ్యులకు నేను చెప్పనక్కర లేదు. అటువంటి వానకు నేల మట్టంగా వున్న గుంతలోని అజొల్లా అంతా వీధిలోకి పోతుంది. దోమల విషయం కూడ పక్కింటివారు అడగక ముందే చూసుకోవాలి. నీరు పూర్తిగా కప్పుకొనివున్నంతకాలం దోమ గుడ్డు పెట్టేందుకు చోటు తక్కువ. సగం తీసి వదిలేసిన గుంతలో పెడుతుంది.

ఆ సభ్యురాలు దరఖాస్తు వెనక్కు తీసుకున్నది. షీటు ఒక్కదానికి పాల బిల్లులో సర్దుకొని రెండవ గుంత వేసింది. మే నెలలో రెండింటిలో ఒకదాన్ని ఎండబెట్టి, రెండవది వేపచెట్టు నీడన గోనెపట్టాలు కప్పి, విత్తనం వరకు కాపాడుకున్నదట. ఈ సంవత్సరం వేయదలచినవారు ఫిబ్రవరి, మార్చిలలో మొదలుపెట్టి వేసవికి పోగొట్టుకోకుండా, తొలకరి వానలు పడి ఎండ తగ్గిన తరువాత జూలైలో వేసుకోవాలి. విత్తనం కొననవసరం లేదు. గుంత వున్న ఏ సభ్యుడినైనా అడిగితే ఒక కిలో యిస్తాడు.