సముద్రం అడుగున చేపలకు ఇళ్లు: కృత్రిమ దిబ్బల పథకం గురించి తెలుసుకోండి

మనకు సముద్రం లేదు కదా, ఈ పీడీఎఫ్ ఎందుకు?
అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ హాస్టళ్లలో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్న మీలో కోస్తా మత్స్యకార కుటుంబాల వారుంటే, ఇది చదివి ఇంటికి పంపండి. మిగతావారికీ సంబంధం ఉంది: రాంనగర్ మార్కెట్‌లో కొనే వంజరం, చందువ సముద్రం చేపలే.

పథకం ఏమిటి?
2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఇదొక భాగం. చేపలు తగ్గిన చోట, తీరానికి దగ్గర్లో కాంక్రీట్ దిమ్మెలతో దిబ్బలు కడతారు. 2023లో కేంద్రం చెప్పిన లెక్క ప్రకారం 10 తీర రాష్ట్రాలకు ₹126 కోట్లతో 732 యూనిట్లు మంజూరయ్యాయి. సాంకేతిక సాయం కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థది.

ఎలా వేస్తారు?
1. ముందు చోటు చూస్తారు. అడుగు గట్టిగా ఉండాలి. బురదైతే దిమ్మెలు కూరుకుపోతాయి. ఓడల దారిలో, నదులు కలిసే చోట వేయరు. ఎక్కడ వేయాలో స్థానిక మత్స్యకారులను అడగాలి.
2. త్రికోణం, బావి వర లాంటి ఆకారాల్లో, కన్నాలుండేలా దిమ్మెలు పోస్తారు.
3. పెద్ద పడవల్లో తీసుకెళ్లి, జీపీఎస్‌తో గుర్తించిన చోట దించుతారు.
4. దిమ్మెలకు నాచు, గవ్వజీవులు పడతాయి. వాటికోసం చిన్న చేపలు, చిన్నవాటికోసం పెద్దవి చేరతాయి.

ఎవరికి లాభం?
గాలం, చిన్న వలలతో వేటాడేవారికి. చేప దగ్గర్లో దొరికితే డీజిల్ మిగులుతుంది. అడుగును ఊడ్చే ట్రాల్ వలలు దిమ్మెలకు చిక్కి చిరుగుతాయి కాబట్టి మరబోట్లు అటు రావు. పట్టుబడి రెండు, మూడు రెట్లు పెరగొచ్చని ఆ సంస్థ అంచనా.

ఏది పడితే అది వేయొచ్చా?
వద్దు. 1970ల్లో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో సుమారు 20 లక్షల పాత టైర్లు కట్టలుగా వేశారు. కట్లు తెగి, అలలకు కొట్టుకుపోయి, అసలైన పగడపు దిబ్బలనే దెబ్బతీశాయి. అందుకే కదలని, విషం వదలని కాంక్రీటే వాడతారు. ఇంకో మాట: దిబ్బ చుట్టూ అందరూ ఒకేసారి వలలేస్తే చేప మిగలదు. ఊరంతా కూర్చుని కట్టుబాటు పెట్టుకోవాలి.

ముఖ్య గమనిక
ఇది ఊరంతటికీ చేసే పని, ఒక్కొక్కరికి ఇచ్చే సబ్సిడీ కాదు. “దిబ్బలో మీ పేరు రాయిస్తాం” అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వొద్దు. మీ ఊరికి దిబ్బ కావాలంటే మత్స్యకార సహకార సంఘం తరఫున తీర్మానం రాసి, జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో ఇవ్వండి. రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు.