దెయ్యం ఫొటో ఎలా వొస్తుంది?



ఈ నెల గోడపత్రికకు సైన్సు వ్యాసం నన్ను రాయమన్నారు. కిరణజన్య సంయోగక్రియ గురించి రాద్దామనుకున్నాను. కాని ఇప్పుడు హాస్టల్లో ఎవరి నోట విన్నా ఆ ఫొటో సంగతే. దసరా సెలవులకి ఇళ్ళకు వెళ్ళినప్పుడు మీరందరూ మీ అన్నల ఫోన్లలో చూసే ఉంటారు. మన బాత్రూంల వెనక చింతచెట్టు, దాని పక్కన పొగలాగా తెల్లగా ఒక మనిషి. ఆ మనిషిలోంచి వెనక గోడ కూడా కనబడుతుంది. కాళ్ళు లేవు. అది చూసి ఆరో తరగతి చెల్లి ఒకామె సెలవులు అయిపోయినా ఇంకా రాలేదు. పిల్లని పంపను అన్నాడంట వాళ్ళ నాన్న. ఇక్కడున్న చిన్నపిల్లలైతే రాత్రి బయటికి వెళ్ళాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్ళు తాగడం మానేశారు. ఇద్దరికి ఒంటేలు మంట పట్టుకుంటే ఏ.ఎన్.ఎం. గారు మందు ఇచ్చారు. అందుకని కిరణజన్య సంయోగక్రియ వచ్చే నెల.

దెయ్యం ఉందా లేదా అని నేను ఇక్కడ వాదన పెట్టడం లేదు. మా అమ్మమ్మ వాళ్ళు చనిపోయినవాళ్ళ ప్రాణాన్ని డుమా అంటారు. కొత్త పంట వొస్తే ముందు వాళ్ళకి పెట్టాకే మేము తింటాము. అది మా ఇంటి మర్యాద, దాన్ని ఎవరూ నవ్వకూడదు. కాని మా డుమాలు ఫోనుల్లో ఫొటో దిగడానికి రారు. నేను చెప్పేది ఫొటో సంగతి మాత్రమే.

కెమెరా అంటే ఒక చీకటి పెట్టె. దాని ముందు అద్దం, లోపల వెలుగుని పట్టుకునే పలక ఉంటాయి. పాత కెమెరాలో ఆ పలక వెండి లవణాలు పూసిన ఫిల్ము, ఫోనులో అయితే సెన్సార్ అనే చిన్న ముక్క. జీలుగు చెట్టుకి కుండ కట్టడం మీరందరూ చూశారు కదా. కల్లు బాగా కారితే కుండ తొందరగా నిండుతుంది, చుక్క చుక్కగా కారితే చాలాసేపు ఉంచాలి. వెలుగు కూడా అంతే. పగలు ఎండలో సెకనులో వెయ్యోవంతు చాలు, ఫొటో నిండిపోతుంది. రాత్రి వెలుగు చుక్కలు చుక్కలుగా వొస్తుంది కాబట్టి కెమెరా చాలాసేపు కన్ను తెరిచి ఉండాలి. ఇప్పటి ఫోనుల్లో నైట్ మోడ్ నొక్కితే వరసగా చాలా ఫొటోలు తీసి వాటన్నిటినీ కలిపి ఒకటి చేస్తుంది. మనకి ఒక్క ఫొటోలాగే కనిపిస్తుంది గాని అందులో కొన్ని సెకన్ల కాలం ఉంటుంది. అసలు కిటుకు అక్కడే ఉంది.

మేము చేసి చూశాము. సైన్సు మేడమ్ గారు తన ఫోను ఇచ్చి మా పక్కనే నిలబడ్డారు. (వార్డెన్ మేడమ్ గారూ, ఫోను మా చేతికి ఇవ్వలేదు, గమనించగలరు.) బకెట్టు బోర్లించి, దాని మీద రెండు ఇటుకల మధ్యన ఫోను కదలకుండా పెట్టాము. ప్రో అని ఉండేదాంట్లో షట్టర్ 4 సెకన్లకు పెట్టాము. నా స్నేహితురాలు తెల్ల చున్నీ, ముదురు రంగు లంగా వేసుకుని చెట్టు పక్కన నిలబడింది. నాలుగు సెకన్లూ కదలకుండా ఉంటే మామూలు పిల్లే వొచ్చింది. రెండు అంకెలు లెక్కపెట్టి పక్కకి పరిగెత్తితే పొగ మనిషి వొచ్చింది! ఆమె ఉన్నంతసేపు ఆమె వెలుగు, ఆమె పోయాక వెనక గోడ వెలుగు, రెండూ ఒకే చోట పడ్డాయి. అందుకే మనిషిలోంచి గోడ కనిపించింది. తెల్ల చున్నీ వెలుగుని బాగా తిప్పి పంపుతుంది, ముదురు లంగా చీకట్లో కలిసిపోతుంది. కాళ్ళు లేకపోవడానికి కారణం అదే. మూడోసారి ఆగకుండా చెట్టు ముందు నుంచి పరిగెత్తింది. ఆ ఫొటోలో అసలు ఎవరూ లేరు. ఉత్త చెట్టు. నాకైతే అన్నిటికంటే అదే భయం వేసింది.

ఇలాంటిది చాలా పాతకాలంలోనే జరిగింది. 1838లో ఫ్రాన్సు దేశంలో డాగ్యుర్ అనే ఆయన పారిస్ నగరంలో ఒక పెద్ద వీధిని మేడ మీద నుంచి ఫొటో తీశాడు. పట్టపగలు, బళ్ళు, జనం తిరుగుతున్న వీధి. కాని ఫొటోలో అది ఊరు వదిలేసి పోయినట్టు ఖాళీగా ఉంటుంది. అప్పటి పలకకి వెలుగు పట్టడానికి నిమిషాలు పట్టేది, నడిచేవాళ్ళెవరూ అందులో నిలవలేదు. ఒక మూల బూట్లు పాలిష్ చేయించుకుంటూ కాలు కదపకుండా నిలబడ్డ ఒకాయన మాత్రం పడ్డాడు. మనిషి కనిపించిన మొదటి ఫొటోల్లో అది ఒకటి.

దీంతో డబ్బు సంపాదించినవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో మమ్లర్ అనే ఆయన 1860ల్లో చనిపోయినవాళ్ళు పక్కన నిలబడినట్టు ఫొటోలు తీసి ఇచ్చేవాడు. 1869లో న్యూయార్కులో కేసు పెట్టారు గాని రుజువు చాలక వదిలేశారు. తరవాత లింకన్ గారి భార్య కూడా ఆయన దగ్గర ఫొటో దిగింది. వెనక లింకన్ భుజాల మీద చేతులు వేసినట్టు ఉంటుంది. అప్పటికి లింకన్ పోయి చాలా ఏళ్ళయింది. ఒకే పలక మీద రెండు ఫొటోలు కలిపితే అలా వొస్తుంది. ఏడ్చేవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోవడం నాకు నచ్చలేదు.

నాకు బాగా నచ్చింది ఇంగ్లండు పిల్లల కథ. 1917లో కాటింగ్లీ అనే పల్లెటూళ్ళో ఎల్సీ, ఫ్రాన్సిస్ అనే అక్కచెల్లెళ్ళు ఉండేవారు, పెదనాన్న పిన్ని పిల్లల్లాగా. ఎల్సీకి సుమారు 16 ఏళ్ళు, ఫ్రాన్సిస్‌కి 9. ఎల్సీ నాన్న కెమెరా పట్టుకెళ్ళి వాగు దగ్గర రెక్కలున్న వనదేవతల ఫొటోలు తీసుకొచ్చారు. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయిల్ అంత పెద్దాయన అవి నిజమని నమ్మి 1920లో పత్రికలో రాశాడు. దొంగల్ని పట్టే కథలు రాసినవాడు ఇద్దరు ఆడపిల్లల్ని పట్టలేకపోయాడు! ముసలివాళ్ళయ్యాక, 1983లో, ఆ ఇద్దరే ఒప్పుకున్నారు. పుస్తకంలో బొమ్మలు చూసి అట్టమీద గీసి, కత్తిరించి, టోపీకి పెట్టుకునే పిన్నులతో నిలబెట్టారంట. కాని ఫ్రాన్సిస్ మాత్రం ఐదో ఫొటో నిజమేనని చివరిదాకా అంటూనే ఉంది. ఇన్నేళ్ళు ఎందుకు దాచారంటే, అంత పెద్దమనిషి నమ్మాక కాదని చెప్పడానికి సిగ్గేసిందంట. అది నాకు అర్థమైంది.

ఇంక చిన్న చిన్నవి. ఫ్లాష్ వేస్తే గాలిలో తెల్ల గుండ్రాలు తేలుతున్నట్టు వొస్తాయి. అవి కెమెరాకి బాగా దగ్గరగా ఉన్న దుమ్ము, మంచు చుక్కలు. చీకట్లో కుక్క, పిల్లి, మేక కళ్ళు మెరుస్తాయి. వాటి కంటి వెనక అద్దంలాంటి పొర ఉండి వెలుగుని తిప్పి కొడుతుంది. టార్చి గడ్డం కింద పెడితే ఎవరి మొహమైనా దెయ్యం మొహమే, ఎందుకంటే వెలుగు పై నుంచి పడడం మనకి అలవాటు, నీడలన్నీ తిరగబడతాయి. బొర్రా గుహలకి వెళ్ళినప్పుడు గైడు రాళ్ళు చూపించి ఇది శివలింగం, ఇది తల్లీబిడ్డ అన్నాడు కదా. అతను చెప్పగానే అందరికీ కనిపించింది. మన మెదడు గీతలు దొరికితే చాలు మొహం వెతుక్కుంటుంది.

మీరు ఇంటి దగ్గర ఫోనుతో తియ్యాలంటే ఒక్కటి చెప్తాను, ఫ్లాష్ వెయ్యొద్దు. మంచులో ఫ్లాష్ వేస్తే ఉత్త తెల్లగోడ వొస్తుంది. మన దగ్గర చలికాలం తెల్లవారుజామున కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల మధ్య మంచు నిలబడి ఉంటుంది. వెలుగు చెట్టు వెనక నుంచి వొచ్చేలాగా నిలబడి తియ్యండి. దగ్గర చెట్లు నల్లగా, దూరం పోయేకొద్దీ పాలిపోయి, ఆఖరికి చెట్టో మనిషో తెలియకుండా పోతాయి. వేషాలు కట్టించక్కరలేదు. నా ఉద్దేశంలో దుప్పటి కప్పుకున్న మనిషి కంటే మంచులో ఖాళీ ఉయ్యాల ఎక్కువ జడిపిస్తుంది. తీసినవాళ్ళు ఎలా తీశారో కూడా కింద రాసి పంపితే ఎవరి చెల్లీ బడి మానదు.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. బాత్రూంల దగ్గర బల్బు మాడిపోయి చాలా రోజులైంది. అక్కడ వెలుగుంటే కెమెరా కన్ను చాలాసేపు తెరవక్కరలేదు, పొగ మనుషులూ రారు. ఆ మొదటి ఫొటోని, మేము తీసినవాటిని పక్కపక్కన పెట్టి ఆ చెల్లి వాళ్ళ నాన్నకి పంపమని సైన్సు మేడమ్ గారిని అడిగాము. ఆమె సరే అన్నారు.

ఈ కాగితం కింద జిరాక్సు షాపులో తీయించిన మూడు ఫొటోలు అతికించాను. ఒకటి పరుగు, ఒకటి ఫ్లాష్ ముందు దుమ్ము, ఒకటి ఆరేసిన టవలు. ఏది ఏదో రాయలేదు. చూసి చీటీ మీద రాసి, పేరు పెట్టి, సోమవారం స్టడీ అవరు లోపల గోడపత్రిక పెట్టెలో వెయ్యండి.

ఇట్లు,
మీ 9వ తరగతి విద్యార్థిని